కొరతకు కట్టే వెల

మా బడిలో చదివి ఇప్పుడు నగరంలో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడొకడు ఈమధ్య సెలవులకు వచ్చి నాకొక గ్రామఫోన్ రికార్డు చూపించాడు. సింథసైజర్ సంగీతం. మొత్తం ఇన్ని ప్రతులు, వాటిలో ఇది ఇన్నోది అని అట్టమీద అంకె వేసి ఉంది. మామూలు ప్రతికి మూడింతలు పెట్టి కొన్నాడట. "మాస్టారూ, ఇది దండగ పనంటారా?" అని అడిగాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, ప్రశ్న నన్ను వదల్లేదు. ఇది ఒక్కడి జేబుకు సంబంధించిన విషయం కాదు. కళకు వెల కట్టేదెవరు, దేన్ని చూసి కడుతున్నారు అన్నది అసలు ప్రశ్న.

వైణికుని కచేరీకి ఒక చోటు, ఒక సమయం ఉంటాయి. ఆ సాయంత్రం మళ్లీ రాదు. ఎలక్ట్రానిక్ సంగీతం చాలావరకు అలాంటిది కాదు. అది యంత్రాలలో పుట్టి, టేపుమీదనో కంప్యూటర్‌లోనో రూపుదిద్దుకొని, ప్రతుల ద్వారానే శ్రోతను చేరుతుంది. నెగటివు నుంచి ఫోటోలు ఎన్నయినా తీయవచ్చు గనుక వాటిలో 'అసలు' ఏదని అడగడం అర్థరహితమని జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ 1936లో వెలువడిన వ్యాసంలో వాదించాడు. యంత్రం కళాఖండం చుట్టూ ఉండే ఏకైకత అనే కాంతివలయాన్ని చెరిపి, దాన్ని జనం దగ్గరికి తెస్తుందన్నాడు. అలా చెరిగిన వలయాన్ని వ్యాపారి మళ్లీ సిరాతో గీస్తే అట్టమీద అంకె అవుతుంది.

ఈ వైరుధ్యాన్ని నడిబజారులో నిలబెట్టినవాడు ఫ్రెంచి సంగీతకారుడు ఝాఁ మిషెల్ జార్. సూపర్ మార్కెట్ల ఇతివృత్తంతో జరిగిన ఒక కళాప్రదర్శన కోసం సంగీతం కూర్చి, 1983లో దాన్ని ఒకే ఒక్క రికార్డుగా అచ్చొత్తించి, అచ్చు పలకలను ధ్వంసం చేయించాడు. పారిస్ వేలంలో ఆ రికార్డు 69,000 ఫ్రాంకులు పలికింది. అయితే ఆయన దాన్ని రేడియో లక్సెంబర్గ్‌లో పూర్తిగా ప్రసారం చేయించి, టేపుల్లో ఎక్కించుకోండని శ్రోతలకు చెప్పాడు. రికార్డు పరిశ్రమ మీద ఆయన తెలిపిన నిరసన అది. వేలంలో గెలిచినవాడికి వస్తువు దక్కింది, రేడియో పెట్టుకున్నవాడికి సంగీతం దక్కింది. ఉపయోగ విలువకూ, వినిమయ విలువకూ మధ్య మార్క్స్ చూపిన తేడాకు ఇంతకంటె తేటైన ఉదాహరణ దొరకడం కష్టం.

అలాగని తక్కువ ప్రతుల ముద్రణలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. రికార్డు వేయాలంటే ముందు గాడి కోయాలి, లోహపు పలకలు చేయించాలి. మూడు వందలు వేసినా, ముప్పై వేలు వేసినా ఈ ఖర్చు తప్పదు. ప్రతులు తగ్గినకొద్దీ ఒక్కోదాని మీద భారం పెరుగుతుంది. సొంత డబ్బుతో 500 ప్రతుల కవితా సంపుటి వేసుకున్న మన కవులకు ఈ లెక్క కొత్తది కాదు. చేతిలో డబ్బులేక కొద్దిగా వేయడం వేరు, ధర పెంచడానికి కొద్దిగా వేయడం వేరు. మొదటిది పేదరికం, రెండవది వ్యూహం.

కొరత సంగీతానికి ఏమాత్రం మేలు చేయదనడానికి మన దేశంలోనే సాక్ష్యముంది. బొంబాయి సినిమా వాద్యబృందాలలో గిటార్ వాయించిన చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ యంత్రాలమీద భైరవ్, లలిత్, మేఘమల్హార్ వంటి పది రాగాలను డిస్కో తాళానికి కూర్చగా, 1982లో ఇక్కడి గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రతులు అరుదై, సేకర్తల చేతుల్లో ఖరీదైపోయాయి. 2010లో ఒక డచ్చి సంస్థ మళ్లీ అచ్చువేశాకనే, షికాగోలో తర్వాత పుట్టిన 'యాసిడ్ హౌస్' పోకడలు ఈయనలో ముందే ఉన్నాయన్న చర్చ ప్రపంచమంతా సాగింది. 2015లో కన్నుమూసేలోగా ఆ గుర్తింపును ఆయన కళ్లారా చూసుకున్నాడు. అది తెచ్చింది కొరత కాదు, కొత్త ప్రతులు.

శ్రోతలు కలిసికట్టుగా ఏం చేయగలరో 2014లో తేలింది. ఆఫెక్స్ ట్విన్‌గా పేరుపడ్డ రిచర్డ్ జేమ్స్ 1994లో 'కాస్టిక్ విండో' పేర చేసి విడుదల చేయని ఆల్బమ్ తాలూకు పరీక్ష ప్రతి ఒకటి అమ్మకానికొచ్చింది. నాలుగు వేలమందికి పైగా అభిమానులు చందాలేసుకొని, ఆయన సంస్థ సమ్మతితో దాన్ని కొని, తలా ఒక డిజిటల్ ప్రతి పొందారు. తర్వాత ఆ రికార్డును వేలం వేస్తే ఒక ధనికుడు 46,300 డాలర్లకు కొన్నాడు. వేలంలో వచ్చిన సొమ్ము చందాదారులకూ, కళాకారునికీ, ధర్మకార్యానికీ పంచారు. అందరికీ పాట దక్కిన తర్వాత వస్తువును ఎవరెంతకు కొంటే మనకేం?

నా శిష్యుడికి నా జవాబిది. నాయనా, నువ్వు అదనంగా పెట్టిన డబ్బు ఆ సంగీతం చేసినవాడి తరవాతి పనికి చేరితే, లేదా చదవదగిన వివరాల పుస్తకంగానో, వేరే దొరకని రచనగానో నీ చేతికొస్తే, అది దండగ కాదు. నువ్వు కొన్నది 'ఇతరుల దగ్గర లేదు' అన్న తృప్తిని మాత్రమే అయితే, నువ్వు వెల కట్టింది పాటకు కాదు, పక్కవాడి లేమికి. పదిమంది వింటే తరిగిపోయే విలువ సంగీతానికి చెందిన విలువ కాదు. వచ్చే సెలవులకు ఆ రికార్డు పట్టుకొని రా. బడి పిల్లలందరం కలిసి విందాం.