గోడలో దాగిన దూలపు కొన

మెదక్ పట్టణంలో కోట గుట్టకు దిగువనున్న పాత వీధుల్లో అక్కడక్కడ మిగిలిన పెంకుటిండ్లకు కప్పు మార్చాలా, మరమ్మతుతో సరిపెట్టాలా అన్న ప్రశ్న ఏటా రోహిణి కార్తెలో తలెత్తుతుంది. మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, లోపల పని కాకపోతే ఆ ఏడాదికి ఇక కానట్టే.

కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పూర్తిగా ఆరకముందే నిలువునా రెండుగా కోసి కాల్చినవి గూనలు. వీటిని ఒక వరుస వెల్లకిలా, దాని మీద మరొక వరుస బోర్లా పరుస్తారు. బెంగుళూరు పెంకులు యంత్రం మీద అచ్చువేసినవి, ఒకదాని గాడిలో ఒకటి కూర్చునేవి. పేరు బెంగుళూరుదైనా వీటి తయారీ 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెట్టిన కార్ఖానాతో ముడిపడినది. గూనలను పట్టి ఉంచేది వాటి బరువే కనుక గాలికీ, ఎలుకలకూ, ఈ మధ్య అన్నిటికన్నా ఎక్కువగా కోతులకూ జరిగిపోతాయి. ఏటేటా సర్దించవలసి రావడాన్ని కప్పు ముసలిదైనదనడానికి గుర్తుగా తీసుకోవడం పొరపాటు.

వీధిలో నిలబడి నడికొప్పును, అంటే రెండు వాలులు కలిసే పైగీతను, చూస్తే అది నడుమ కుంగినదీ లేనిదీ తెలుస్తుంది. కుంగితే అనుమానం దూలం మీదికి పోవాలి. గాలి ఆడే దూలపు నడిమి భాగం తరాల తరబడి గట్టిగా ఉన్నా, మట్టిగోడలో దూరిన జానెడు కొన గోడ పీల్చిన తేమకు మెత్తబడి చెదకు మొదటి మేత అవుతుంది. అందుకే చేయితిరిగిన వడ్రంగి సుత్తితో దూలాన్ని తడుతూ గోడవైపు జరుగుతాడు. అంతవరకు ఖంగుమన్న కర్ర గోడ దగ్గర బోలుగా పలికితే అక్కడ ఉలి మొన గుచ్చుతాడు. అది అంగుళం లోతు సునాయాసంగా దిగిందంటే పైన ఎంత మేలిరకం పెంకు పరిచినా వృథా. అయితే చెడినది కొన ఒక్కటే అయినప్పుడు గోడకు ఆనించి మొగురం, అంటే నిలువు కంబం, నిలిపితే దూలం మార్చే పని తరచుగా తప్పుతుంది.

మార్చక తప్పనప్పుడు మనసులు స్లాబు మీదికే పోతాయి. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగితే బెంగుళూరు పెంకులు 50 కిలోలకు లోపే; మట్టిగోడలు అంత బరువు మోయలేవు కనుక పునాది నుంచి పిల్లర్లు లేపాలి, అది కొత్త ఇల్లు కట్టడమే. సిమెంటు రేకు చౌక, కోతులకు జరగదు. కాని గూనల సందుల్లోంచి పోయే ఎండాకాలపు వేడి దాని కింద నిలిచిపోతుంది. ఆస్బెస్టాస్ నార కలిసిన పాత రేకును కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు గనుక, దాన్ని తడిపి, బోల్టులు విప్పి, పగలనీయకుండా దించాలి.

గూనలు చేసే కుమ్మరులు అరుదైనందున, ఎవరి పాత ఇల్లు కూల్చినా వేలితో కొడితే మోగే గూనలను ఏరి తెచ్చి పెరట్లో పేర్చుకునే ఇల్లే వచ్చే మిరుగానికి సిద్ధంగా ఉంటుంది.