కుండీలో అడవినాభి

తొలకరి పడ్డాక అడవి అంచు పొదల్లో, ఊరి కంచెల్లో ఒక తీగ చడీచప్పుడు లేకుండా పైకి పాకుతుంది. అడవినాభి. అగ్నిశిఖ అన్నా ఇదే. పూత రాకముందే ఆకును చూసి పోల్చుకోవచ్చు. కొన సన్నగా సాగి, చుట్టలు తిరిగి, అందిన పుల్లనల్లా పట్టుకుంటుంది.

పువ్వు తల కిందికి వేలాడుతుంది. ఆరు రేకులు మాత్రం అంచులు నొక్కులు నొక్కులుగా వెనక్కి మడుచుకుని పైకి లేస్తాయి, మంట లేచినట్టే. మొదట ఆకుపచ్చ, పసుపు. రోజులు గడిచేకొద్దీ నారింజ, ఆపైన ఎరుపు. కీలం మొదట్లోనే మోచేయిలా పక్కకు వంగి కేసరాలకు ఎడంగా ఉంటుంది. అందుకే తమిళనాడులో విత్తనం కోసం దీన్ని సాగుచేసే రైతులు పొద్దున్నే పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు.

తమిళనాడుకిది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం. 1947లో ఎలిజబెత్ యువరాణికి 21వ పుట్టినరోజు కానుకగా అందిన వజ్రాల బ్రోచ్ ఈ పువ్వు ఆకారంలోనిదే. మన కంచె మీద మాత్రం పిచ్చితీగ!

మిద్దెతోటకు తెచ్చుకున్నవాళ్లు మొదట దెబ్బతినేది దుంప దగ్గర. అది నాగలిలా వంగి ఉంటుంది; సంస్కృతంలో లాంగలి అన్న పేరు అందుకే. మొలక వచ్చేది కొన నుంచి. ఆ కొన పుటుక్కున విరిగిందా, ఆ కొమ్ము దండగ. ఇసుక కలిపిన మట్టిలో రెండు మూడంగుళాల లోతున దుంపను పడుకోబెట్టి, పాకడానికి నాలుగు కంపపుల్లలు గుచ్చితే చాలు.

రెండో దెబ్బ వానలు వెనకబట్టాక. ఆకులు పండి, తీగ ఎండిపోతుంది. చచ్చిందనుకుని కొందరు మట్టి పారబోస్తారు. ఇంకొందరు అయ్యో పాపమని రోజూ నీళ్లు పోస్తారు. ఈ జాలే ఎక్కువ ప్రమాదం, దుంప కుళ్లిపోతుంది. నిద్రపోతున్న కుండీని తడి తగలని మూలకు జరిపి, మళ్లీ తొలకరి దాకా దాని జోలికి వెళ్లకపోవడమే దీని పెంపకంలో సగం పని. తోటపనిలో చేతులు కట్టుకు కూర్చోవడమంత కష్టం మరోటి లేదు.

మొక్క నిండా కాల్చిసిన్ ఉంటుంది. గౌట్ నొప్పికి డాక్టర్లు కొలిచి ఇచ్చే మందు అదే, మోతాదు మించితే ప్రాణం తీసేదీ అదే. చిలగడదుంప అనుకుని ఈ దుంప తిని చనిపోయినవాళ్లున్నారు. పసిపిల్లలు, పశువులు తిరిగే చోట దీన్ని పెట్టకండి. తవ్విన దుంపల డబ్బాకు ‘విషం’ అని చీటీ అంటించి, వంటింటి గడప దాటనివ్వకండి.