అమాయకుడి వేలిముద్ర

మన కథకులు కొండల మీది మనుషుల గురించి రాసేటప్పుడు చేతికి ముందుగా తగిలే విశేషణం "అమాయక". అమాయక గిరిజనులు, అమాయకపు నవ్వులు. సానుభూతితోనే రాశారు, కాదనను. కాని అమాయకుడికి జాలి దొరుకుతుంది, అన్నం దొరుకుతుంది, "నీ ఉద్దేశం ఏమిటి?" అన్న ప్రశ్న దొరకదు. బుద్ధిమాంద్యం గల పెద్దవాళ్లకు కూడా మన భాష ఈ మాటే తగిలించింది. కె. విశ్వనాథ్ "స్వాతిముత్యం" (1986)లో శివయ్య వితంతువు మెడలో తాళి కడతాడు. అది అతని నిర్ణయమని గాని, ఆమెను అడగలేదని గాని మనకు తట్టదు. అంతా అమాయకత్వం ఖాతాలో జమ!

అరకు కొండల్లో బుద్ధిమాంద్యంతో పుట్టి పెరిగిన మనిషి మీద ఈ మాట రెండుసార్లు పడుతుంది.

మొదటిసారి, గిరిజనుడైనందుకు. ఆ చరిత్ర మనకు తెలిసిందే. సావుకారి కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాళ్ల కోసం 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ చట్టం చేసింది. కొండవాడి భూమి ఇతరులకు చెల్లాలంటే ఏజెంటు అనుమతి కావాలన్నది. రక్షణే. అయితే భూమి కొండవాడిది, సమ్మతి దొరగారిది. ఎనభై ఏళ్లకు, 1997లో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనులపై "సమత" సంస్థ వేసిన కేసులో, ఆ భూములను ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు ఏడు, 1996లో, పెసా చట్టం గ్రామసభకు నోరిచ్చింది.

రెండోసారి, బుద్ధి నెమ్మదైనందుకు. ఇక్కడ మనం 1917 దాటి ఎంతో దూరం రాలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద తల్లిదండ్రులో బంధువులో అడిగితే జిల్లా స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కమిటీ చూడవలసినవి రెండు: సంరక్షకుడు అవసరమా? ఏయే పనులకు? ఆ మనిషి ఇష్టం ఆ రెండింటిలో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాట మార్చింది. సంరక్షకుడు అతనితో కలిసి, అతని ఇష్టానుసారం, ఫలానా నిర్ణయానికి, ఫలానా గడువు వరకే పనిచేయాలన్నది. మంచి వాక్యం. పాత చట్టం మాత్రం పక్కనే కూర్చున్నది.

చట్టాల మాట అలా ఉంచి పెన్షను రోజు చూడండి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షను నెలకు 6000 రూపాయలు. సచివాలయ ఉద్యోగి ఇంటికే తెచ్చి యంత్రం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. వేలు అతనిది. డబ్బు ఎవరి చేతికి పోతుందో, దానితో దుప్పటి కొనాలా, మేకపిల్లను కొనాలా అన్నది ఎవరు తేలుస్తారో ఆ యంత్రానికి అక్కర్లేదు.

"అడిగితే మాత్రం చెప్పగలడా?" అంటారు. ఏ భాషలో అడిగారు? కువి మాట్లాడే మనిషిని, ఆదివాసీ ఒరియా మాట్లాడే మనిషిని తెలుగులో ప్రశ్నించి, జవాబు రాకపోతే బుద్ధి తక్కువని రాసుకుంటే, కొలిచింది బుద్ధినా, తెలుగునా? అడగటానికి ఓర్పు కావాలి. ఎరిగినవాళ్లు పక్కన ఉండాలి, వస్తువు చూపించాలి, నాలుగు రోజులాగి మళ్లీ అడగాలి, తల తిప్పుకుంటే అదీ జవాబేనని ఒప్పుకోవాలి. మోసగాళ్లు లేరని కాదు; ఆరువేల మీద కన్నేసే బంధువు కొండ మీదా ఉంటాడు. కాని సంరక్షకుడి పత్రం కోరేదీ బంధువేనని మరవరాదు.

చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రమంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన ఒక యువతి బిడ్డను కంటానన్నది. ఆమెకు స్వల్ప బుద్ధిమాంద్యం. హైకోర్టు గర్భస్రావానికి ఆజ్ఞాపించింది. ఆమె సమ్మతి లేనిదే వీల్లేదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంత పెద్ద విషయంలో ఆమె మాట చెల్లింది. మేకపిల్ల విషయంలో చెల్లదా?

పెసా ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ కారణంతో పేరు తీసివేయటానికి చట్టం ఒప్పదు. అంటే కొండలోని చిన్నరకం ఖనిజాలు తవ్వనివ్వాలా అని చర్చించే సభలో అతనికీ చోటున్నది. ఆ సభకు అతణ్ణి ఎవరైనా పిలుస్తారా, వస్తే ఎక్కడ కూర్చుంటాడు, ఏమంటాడు? నేను చదివిన కొండ కథల్లో ఆ సభ ఉన్నది గాని అతను కనపడలేదు.