ఏసీ అంకె, ఇంటి పేచీ

ఏసీ మీద ఇంట్లో వచ్చే తగవుల్లో రెండు తగవులు కలిసిపోయి ఉంటాయి. గది ఎంత చల్లగా ఉండాలన్నది ఒకటి, ఆ చల్లదనానికి ఎంత పెట్టొచ్చన్నది రెండోది. రెండూ ఒకే రిమోట్ మీద నడుస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. గోదావరి ఒడ్డున ఉన్న మా ధవళేశ్వరంలో దీనికి ఉక్క కూడా తోడవుతుంది. తగవు పడేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు, నిజానికి సగం పేచీ దానివల్లే.

పడమటి గాడ్పు వీచినంతసేపూ గోదావరి తీరంలో గాలి పొడిగానే ఉంటుంది. అలాంటి మధ్యాహ్నాల్లో తలుపుకి కట్టిన వట్టివేళ్ల తడికయినా, నీళ్లు పోసిన కూలరయినా పనిచేస్తుంది. గాలి సముద్రం వైపు నుంచి మళ్లిందంటే ఎండ నాలుగు డిగ్రీలు దిగినా ఒంటికి సుఖం ఉండదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. అప్పుడు కూలర్ పెడితే ఉన్న తేమకి మరికొంత చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, ఆ కార్తె దాటి వానలు కుదురుకునే లోపు వచ్చే రాత్రులే ఈ ఊళ్లో ఎక్కువ నిద్ర చెడగొడతాయి.

ఏసీ పుట్టింది కూడా తేమ కోసమే. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో కాగితం తేమకి సాగి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. విల్లిస్ కేరియర్ అనే యువ ఇంజనీరు దానికి విరుగుడుగా యంత్రం తయారుచేశాడు. ఇవాళ గోడ బయట గొట్టం లోంచి బకెట్‌లో పడే నీళ్లు అదే పనికి సాక్ష్యం. గది గాలిలోని తేమే అలా బయటికి వస్తుంది. పొడిబారిన గదిలో 26 డిగ్రీలు ఇచ్చే హాయి, తేమ నిలిచిన గదిలో 24 ఇవ్వకపోవచ్చు. చిన్న గదికి రెండు టన్నుల ఏసీ బిగించడం గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. అంత పెద్ద మిషను అంకెని చిటికెలో అందుకుని ఆగిపోతుంది, గాలిని ఆరబెట్టే వ్యవధి దానికి దొరకదు. చల్లగానే ఉన్నా జిగటగా ఉందని ఇంకో రెండు డిగ్రీలు దించుతారు, పేచీ అక్కడ మొదలవుతుంది.

రిమోట్ మీద కనిపించే అంకె మంచం దగ్గరి వేడి కాదు. ఆ కొలత తీసే సెన్సారు సాధారణంగా కప్పుకి దగ్గరగా, లోపలి యూనిట్‌లోనే ఉంటుంది. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ఒకే ఏసీ గదిలో ఇంటిల్లిపాదీ పడుకున్నప్పుడు నేల మీద చాప వేసుకున్నవాళ్లకి చలి, మంచం మీదివాళ్లకి హాయి. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్న నమ్మకం కూడా సరికాదు. మామూలు ఏసీలో కంప్రెసరుకి ఒకటే వేగం. ఇన్వర్టర్ ఏసీ కూడా గది బాగా వేడిగా ఉన్నప్పుడు 24 పెట్టినా దాదాపు పూర్తి వేగంతోనే మొదలవుతుంది. 18 చేసేదల్లా 24 దగ్గర తగ్గాల్సిన మిషనుని తగ్గనివ్వకపోవడమే. వేసవి సెలవుల్లో అల్లుడుగారు దిగితే మాత్రం ఈ భౌతికశాస్త్రం ఎవరూ ఆయన ముందు ఎత్తరు.

ఎవరి ఒళ్లు నిజం చెబుతోందన్న ప్రశ్నకి పరిశోధకులు చాలాకాలంగా జవాబు వెతుకుతున్నారు. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో కట్టిన లెక్క ప్రకారం, గదిని ఎంత సరిగ్గా అమర్చినా నూటికి అయిదుగురికి నచ్చదు. ఆఫీసు భవనాలకు వాడుతున్న ప్రమాణంలో ఒంటి వేడి లెక్క నలభై ఏళ్ల, డెబ్బై కిలోల మగవాడిదని, ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడి అంతకన్నా తక్కువని నెదర్లాండ్స్ పరిశోధకులు 2015లో చూపించారు. మనకి దగ్గరి ఆధారం హైదరాబాద్‌ది. ఆర్కిటెక్ట్ మాధవి ఇంద్రగంటి 2008లో అక్కడి అయిదు అపార్టుమెంట్లలో వందమందికి పైగా నివాసులను నెలల తరబడి అడిగి, కొలిచి చూశారు. వాళ్లకి సరిపడ్డ వేడి 29.2 డిగ్రీలుగా తేలింది, 26 నుంచి 32.5 దాకా ఓర్చుకోగలిగారు. అందరికన్నా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో ఆ సరిపడే అంకె ఇంకో డిగ్రీ పైకి పోయింది. అవి ఏసీతో కాకుండా కిటికీలు, ఫ్యాన్లతో గడిపే ఇళ్లు. హైదరాబాద్ గాలి ఇక్కడికన్నా పొడి కాబట్టి ఆ అంకెల్ని యథాతథంగా డెల్టాకి తేకూడదు గానీ, అలవాటు ఎంత పని చేస్తుందో వాటినిబట్టి తెలుస్తుంది.

ఒకే మనిషికి కూడా రాత్రంతా ఒకే అంకె పనికిరాదు. పొయ్యి దగ్గరినుంచి వచ్చిన మనిషికి పడక వేళకి 24 చాలదు. నిద్రపట్టాక ఒంటి వేడి తగ్గుతుంది, మూడు గంటలకి అదే 24కి దుప్పటి వెతుక్కోవాలి. గంట గడిచేకొద్దీ అంకెని కొంచెం కొంచెం పెంచే స్లీప్ మోడ్ ఉన్నది ఇందుకే. చాలా ఇళ్లల్లో ఆ మీట జోలికి ఎవరూ పోరు.

పెద్దవాళ్ల సంగతి వేరు. మామ్మగారు చలి అంటే నమ్మొచ్చు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటునుంచి మంచం జరిపితే చాలావరకు తీరుతుంది. తాతగారు ఉక్కేం లేదంటే మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు. వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, చెమట పట్టడమూ తగ్గుతుంది, ఒళ్లు కాగుతున్నా కబురు అందదు. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి మధ్యాహ్నాల్లో బిల్లు పేరు చెప్పి పెద్దాయన ఏసీ ఆపేస్తుంటే, ఆ ఒక్క తగవులో పిల్లల మాటే నెగ్గాలి.

ఇక బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఫిబ్రవరిలో 150 యూనిట్లు కాల్చే ఇంటికి విద్యుత్ చార్జీ రూ.567 అవుతుంది. మేలో రాత్రికి ఆరు యూనిట్ల చొప్పున ఏసీ 180 యూనిట్లు తాగిందనుకుంటే మొత్తం 330, చార్జీ సుమారు రూ.1,936. యూనిట్లు రెట్టింపు దాటితే చార్జీ మూడింతలు దాటింది. స్థిర చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు దీని మీద అదనం. బిల్లు చూసి ఇంటిపెద్ద ఉలిక్కిపడటంలో అన్యాయం లేదు.

శ్లాబు దాటితే మొత్తం బిల్లే పై ధరకి మారిపోతుందన్న భయం మాత్రం పాతది. 2022కి ముందు ఎ, బి, సి అని వర్గాలుండేవి, వాడకం పెరిగి పై వర్గంలోకి జరిగితే మొదటి యూనిట్ నుంచే ధర మారేది. ఇప్పుడు దాటిన యూనిట్లకే పై ధర. రీడింగ్ తీసే కుర్రాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడని వీధిలో ఇప్పటికీ జరిగే గొడవలో ఆ పాత భయం వాటా కొంత ఉంది. ఇంకో సంగతి, ఏసీ మీద ఆదా అయ్యే యూనిట్ ఎప్పుడూ చివరి యూనిట్, అంటే ఈ ఇంటికి రూ.8.75 యూనిట్. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 24 బదులు 26 పెడితే నెలకి ఇరవై యూనిట్లకి పైగా, నూట తొంభై రూపాయల దాకా మిగులుతాయి. అంతకుమించి మిగలదు, ఏటా దాని మీద అంత యుద్ధం చేయాల్సిన మొత్తం కాదు.

2020 జనవరి నుంచి దేశంలో స్టార్ ముద్రతో వచ్చే ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్నది నిబంధన. 20 కన్నా దిగకుండా కట్టడి పెడతామని 2025 జూన్‌లో కేంద్రమంత్రి ప్రకటించారు. వేయగానే వచ్చే 24ని చాలామంది అక్కడే వదిలేస్తారు, అంతవరకు మేలే.

పేచీని నిజంగా తగ్గించేది సీలింగ్ ఫ్యాను. ఏసీతో పాటు దాన్ని కూడా తిప్పితే 27 కూడా 25లా అనిపిస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాను ముప్ఫై చిల్లరతో సరిపెడుతుంది. ఆ తర్వాత చూడాల్సింది నెత్తిమీది శ్లాబు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. గంటసేపు ఏసీ వేసి ఆపేసే పొదుపు మేడ మీది గదిలో పారనిది ఇందువల్లే. డాబాకి తెల్లసున్నమో, కూల్ పెయింటో వేస్తే ఆ గది కొంత దారికొస్తుంది. తెలంగాణ దీన్ని 2023లో కూల్ రూఫ్ విధానంగానే తెచ్చింది.

డాబా మీద సోలార్ పలకలు పెట్టిన ఇళ్లల్లో తగవు రూపం మారుతోంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు రూ.78 వేల రాయితీ ఉంది. అంత సామర్థ్యం ఎండ బాగా ఉన్న రోజున సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తుంది. పగలు పుట్టింది గ్రిడ్‌కి వెళ్లి, నెట్ మీటర్ లెక్కలో రాత్రి ఏసీకి చెల్లవుతుంది. పలకల నీడ శ్లాబు మీద పడటంతో కింది గదికి ఏసీ పని కూడా కొంత తగ్గుతుంది.