నీళ్ళలో చూసే కొలత

జూన్ 14 దాటితే మా తూర్పు తీరంలో వేట మళ్ళీ మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల పాటు మర బోట్లు సముద్రం మీద వేటకు వెళ్ళకూడదు. చేప గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ఒడ్డున మాత్రం అది బోట్లకు వైద్యం చేయించుకునే కాలం. కాకినాడలో ఆ రెండు నెలలూ ఎటు చూసినా సుత్తి చప్పుడు, వెల్డింగు వెలుగు, కొత్త రంగు వాసన. ఈ ఏడాది ఆ రోజులన్నీ మా బావ బోటు దగ్గరే గడిపాను. పాతికేళ్ళ నాటి చెక్క బోటు అది. ఇంజినూ గేర్‌బాక్సూ షాఫ్టూ ఫ్యానూ మొత్తం మార్చాం. ప్రొపెల్లర్ని మా రేవులో ఫ్యాను అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.

పని చేసిన మేస్త్రిగారికి డెబ్బై దాటాయి. కాలేజీ సెలవుల్లో ఆయనకు స్పానర్లు అందించిన రోజులు నాకున్నాయి. బావ వెళ్ళి అడిగితే ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. "ఇంజిను కొన్నాక పిలవడం కాదు, కొనకముందు పిలవాలి. ముందు బోటు చూస్తాను. ఏ ఇంజినో తర్వాత చెబుతాను."

ఆ షరతు వెనక ఒక కథ ఉంది. పన్నెండేళ్ళ కిందట ఇదే బోటుకు ఒకసారి ఇంజిను మార్చారు. ముందు రేవుకు చేరిన బోటు చేపకు మంచి ధర పలుకుతుంది కాబట్టి బావ బలమైన ఇంజిను తెచ్చాడు. పాతది నిమిషానికి 1,500 చుట్లు తిరిగేది, కొత్తది 2,200. డబ్బంతా దానికే అయిపోయింది. గేర్‌బాక్సు పాతదే ఉంచారు, షాఫ్టూ ఫ్యానూ పాతవే ఉంచారు. బిగించడానికి వచ్చినవాళ్ళు ఒక్క పూటలో ముగించి వెళ్ళిపోయారు. మొదటి రోజు నుంచే పొగగొట్టంలో నల్లటి పొగ. ఇంజిను ఎంత తొక్కినా 2,200 అందుకునేది కాదు. వెనక భాగమంతా వణికేది. మూడో నెలలో, ఒడ్డుకు చాలా దూరంలో ఉన్న రాత్రి, షాఫ్టు బోటు బయటికి పోయే చోట నీళ్ళను ఆపే గ్లాండ్ దగ్గర నీళ్ళు ధార కట్టాయి. ఆ వణుకుకే వెనక పలకల సందులు కూడా విచ్చుకున్నాయి. ఎనిమిది మంది తెల్లవార్లూ పంపు కొట్టి, బకెట్లతో తోడి బోటును తెచ్చుకున్నారు. ఆ రాత్రి మా అక్క గుమ్మంలో కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

తప్పు ఇంజినుది కాదని అప్పట్లో నాకు తెలియదు. ఈసారి మేస్త్రిగారు ఇసుక మీద పుల్లతో గీసి చూపించారు. ఫ్యాను ఎంత వేగంగా తిరిగితే అంత బలం అడుగుతుంది. ఆ అడగడం మామూలుగా పెరగదు. చుట్లు ఒకటిన్నర రెట్లయితే అడిగే బలం మూడు రెట్లు దాటిపోతుంది. పాత గేర్‌బాక్సు ఇంజిను చుట్లను సగం చేసి షాఫ్టుకు ఇచ్చేది. కాబట్టి 750 చుట్ల కోసం పోతపోసిన ఫ్యానును 1,100 తిరగమన్నారు. అంత బలం ఆ ఇంజినులో లేదు. మోయలేని బరువు ఎత్తుకున్న మనిషిలా అది రొప్పింది. ఆ నల్లపొగ కాలని డీజిలు.

అందుకని ఈసారి ఆయన టేపు పట్టుకుని బోటు చుట్టూ తిరిగారు. పొడవు 40 అడుగులు, నీటి గీత దగ్గర 36. "ముప్పయ్యారుకి వర్గమూలం ఎంతబ్బాయ్?" అన్నారు. ఆరన్నాను. "దాన్ని ఒకటీ పాయింట్ మూడు నాలుగుతో గుణించు." ఎనిమిదికి పిసరు ఎక్కువ వచ్చింది. ఇలాంటి బరువైన బోటు వేగానికి అదే హద్దు. 8 నాట్లు, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు. బోటు కదిలితే ముందొక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు సాగుతుంది. అల పొడవు బోటు పొడవంత అయ్యాక, ఆపై ఎంత బలం పోసినా బోటు తను లేపిన అలనే ఎక్కలేక దాని వెనకే మిగిలిపోతుంది. పన్నెండేళ్ళు బావ కొనిపోసిన డీజిలులో ఎంత భాగం ఆ అలను లేపడానికే పోయిందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. ఆ హద్దుకు నూటికి పది తక్కువ వేగంతో నడిపితే కావలసిన బలంలో పావు వంతుకు పైగా మిగులుతుంది.

మేస్త్రిగారు చెప్పిన ఇంజిను పాతదాని కంటే చిన్నది. బావ ముఖం వాడిపోయింది. "మేస్త్రిగారూ, పక్క బోట్లవాళ్ళంతా ఎక్కువ గుర్రాల ఇంజిన్లకు పోతుంటే మనం కిందికి దిగుతామా?" అన్నాడు. ఆయన కోప్పడలేదు. "గుర్రాలకిచ్చే డబ్బు గేర్‌బాక్సుకూ ఫ్యానుకూ పెట్టు బాబూ. నువ్వు వల లాగేది మూడు నాట్ల మీద. అక్కడ నీకు కావలసింది పరుగు కాదు, పట్టు."

ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడమే ఈ పనిలో నాకు అన్నిటి కంటే ఇష్టమైన భాగం. కొత్త ఇంజిను 1,800 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్సు మూడుకు ఒకటి, అంటే షాఫ్టుకు 600. నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాను, వేగంగా తిరిగే చిన్న ఫ్యాను కంటే నీటిని బాగా నెడుతుంది. ఎంత పెద్దదన్నది మాత్రం బోటే చెప్పాలి. ఫ్యాను రెక్క కొనకూ పైనున్న చెక్కకూ మధ్య ఫ్యాను వ్యాసంలో పదో వంతు ఖాళీ అయినా ఉండాలి, లేకపోతే రెక్క దాటిన ప్రతిసారీ నీళ్ళు చెక్కను గుద్దుతాయి. మా బోటుకు 32 అంగుళాలు పట్టింది. ఇక పిచ్. స్క్రూ చెక్కలోకి దిగినట్టు ఫ్యాను ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోతుందో ఆ లెక్క. మాది 20 అంగుళాలు. 600 చుట్లకు నిమిషానికి 1,000 అడుగులు, అంటే దగ్గర దగ్గర 10 నాట్లు. అయితే నీళ్ళు చెక్కలా గట్టివి కావు. అందులో మూడో వంతు జారిపోతుంది. మిగిలేది ఆరున్నర, ఏడు నాట్లు. మా బోటుకు హాయైన నడక సరిగ్గా అదే. కాగితం మీద ఆ అంకె తేలినప్పుడు, పాతికేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్నకు బోటు జవాబు చెప్పినట్టనిపించింది.

ఫ్యాను పోతకు ఇచ్చే ముందు మేస్త్రిగారు గేర్ వేసి, చేత్తో తిప్పి, బయటి షాఫ్టు ఎటు తిరుగుతోందో చూశారు. కొన్ని గేర్‌బాక్సుల్లో అది ఇంజిను తిరిగే దిక్కునే తిరుగుతుంది, కొన్నిట్లో ఎదురుగా. ఆ ఒక్కటీ చూసుకోకుండా పాత లెక్కన ఫ్యాను చేయిస్తే ముందుకు గేరు వేసిన బోటు వెనక్కి నడుస్తుంది.

బరువు సంగతి మొదట ఎవరికీ తట్టలేదు. కొత్త ఇంజిను పాతదాని కంటే 300 కిలోలు తేలిక. వెనక భాగం పైకి తేలితే ఫ్యాను నీటి పైకి దగ్గరై గాలి పీలుస్తుంది. అందుకని అంత బరువూ ఇసుక బస్తాలుగా అడుగున సర్దాం.

ఇంజిను కంటే ముందు మిగతావి చూసే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే చేపల వేట పథకం వాళ్ళు మన ఒడ్డుల కోసం తీరానికి ఎక్కే పడవలు చేసి చూశారు. వాటిలో ఇంజినూ షాఫ్టూ ఫ్యానూ కలిసి ఒకే అమరికగా పైకి లేచేవి, ఒడ్డుకు వస్తుంటే ఫ్యాను ఇసుకకు తగలకుండా. ఆ పడవల గురించి చదివిన నాటి నుంచి వాటి మీద నాకు గౌరవం. వాళ్ళు ఇంజిను దగ్గర మొదలుపెట్టలేదు, ఇసుక దగ్గర మొదలుపెట్టారు.

మా బోటు పనిలో అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది ఇంజినుకూ షాఫ్టుకూ వరస కుదర్చడం. గేర్‌బాక్సు చివర ఒక చక్రం, షాఫ్టు చివర ఒక చక్రం ఉంటాయి. రెండూ ముఖాముఖి ఆనాలి. చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ గేజి దూర్చి చూస్తే సందు అంతటా ఒకటే ఉండాలి. చక్రం వ్యాసంలో అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంతకు మించి తేడా రాకూడదు. మన తలవెంట్రుక మందమే సుమారు 3 థౌ. ఇంజిను కింద పలచటి రేకు ముక్కలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, మూడు రోజులు చూశాం. మూడో రోజు సాయంత్రం తేడా రెండు థౌలకు వచ్చింది. అయిపోయిందనుకున్నాను. మేస్త్రిగారు బోల్టులు కొంచెం వదులుగానే ఉంచారు.

"ఇది ఒడ్డు కొలత అబ్బాయ్. బోటు దిమ్మల మీద కూర్చుంటే ఒక వంపు, నీళ్ళలో తేలితే ఇంకో వంపు. రెండు నెలలు ఎండిన పలకలు నీళ్ళు తాగి ఉబ్బాలి. అప్పుడు చూద్దాం."

ఇలాంటి పని నేర్పడానికి విశాఖలోని సిఫ్నెట్ అనే కేంద్ర మత్స్య శిక్షణ సంస్థలో మెరైన్ ఫిట్టర్లను తయారుచేసే కోర్సు ఉంది, మంచిదే. మా రేవులో మాత్రం ఈ చెక్క బోట్ల పని ఇలాంటి మేస్త్రుల చేతుల్లోనే బతుకుతోంది. రెండు నెలలూ మా మేస్త్రిగారి వెనక నిలబడి నేర్చుకున్నది ఒక్కడే కుర్రాడు. ఇంకో నలుగురుంటే ఎంత బాగుండేది! గుర్రాల బేరానికి పదిమంది చేరే చోట, గేజి పట్టుకోవడానికి ఇంకెవరూ రాకపోవడం నన్ను చాలా కలత పెట్టింది.

బోటు నీళ్ళలోకి దిగాక మూడు రోజులు మేస్త్రిగారు ఎవరినీ ఇంజిను ముట్టుకోనివ్వలేదు. నాలుగో రోజు ఉదయం గేజి దూరిస్తే ఒడ్డున రెండు థౌలున్న చోట తొమ్మిది థౌలు చూపించింది. కళ్ళారా చూసి ఉండకపోతే నమ్మేవాణ్ణి కాదు. మళ్ళీ రేకులు, మళ్ళీ గేజి. సాయంత్రానికి ఒకటిన్నరకు వచ్చింది. అప్పుడు బోల్టులు బిగించారు.

సముద్రం వైపు గంటసేపు పూర్తి బలంతో నడిపాం. ఇంజిను 1,800 అందుకుంది. పొగ లేదు. వెనక పలక మీద బావ ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టాడు, ఒక్క చుక్క ఒలకలేదు. మేస్త్రిగారు అటు చూడలేదు. కిందికి దిగి, టార్చి వేసి, గ్లాండ్ దగ్గర కూర్చున్నారు. పూర్తిగా బిగిస్తే లోపలి తాడు ఎండి, వేడెక్కి, షాఫ్టును తినేస్తుంది. వదిలేస్తే బోటు నిండుతుంది. తిరిగే షాఫ్టుకు కొంచెం తడి తగులుతూ ఉండాలి. గడియారం చూస్తూ ఆయన పైకే లెక్కపెట్టారు. నిమిషానికి మూడు చుక్కలు. నట్టును ముట్టుకోకుండా స్పానరు నా చేతికిచ్చి, మళ్ళీ ఇంకో నిమిషం లెక్కపెట్టడం మొదలుపెట్టారు.