చుక్కల్లో ప్రాణం

పాత రోల్ ప్లేయింగ్ గేములు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది కత్తులూ రాక్షసులూ కాదు, తెర మీది చుక్కలు, అంటే పిక్సెళ్లు. 1987 డిసెంబరులో జపాన్‌లో ఫామికామ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ’లో ఊళ్లు తిరిగే మనిషి బొమ్మ అడ్డం 16, నిలువు 16 చుక్కలు. మొత్తం 256. నాలుగు ముక్కలు కలిపితే ఒక బొమ్మ. ఒక్కో ముక్కలో మూడు రంగులకే చోటు. ఆ ఇరుకులోనే చిత్రకారిణి కజుకో షిబుయా మనుషుల్ని గీశారు.

ఆ గేములోని నల్ల మాంత్రికుణ్ణి చూడండి. పసుపు టోపీ, దాని కింద ముఖమంతా చీకటి, ఆ చీకట్లో రెండు కళ్లు. ముక్కూ లేదు, నోరూ లేదు. అయినా ఎవరో మనకేసి చూస్తున్నట్టే ఉంటుంది. ఒక్క చుక్క పక్కకు జరిగితే ఆ చూపు పోతుంది.

1994లో ‘ఫైనల్ ఫాంటసీ’ ఆరో భాగం వచ్చేసరికి ఆ బొమ్మలు తల దించుకోవడం నేర్చాయి. మాట లేకుండా తల వాలిస్తే చాలు, దుఃఖం తెలిసేది. మిగతాది మన మనసే పూరించుకునేది.

వాకిట్లో చుక్కల ముగ్గు వేసే చేతులకు ఈ విద్య తెలుసు. ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో ఎరగడమే పనితనం. ఇవాళ్టి గేముల్లో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది, బాగుంటుంది. నా మనసు మాత్రం ఆ 256 చుక్కల దగ్గరే ఆగిపోయింది. వాటిని పేర్చిన చేతులకు దండం.