ఛాయాగ్రహణమున బింబప్రతిబింబములు

ఆలంకారికులు దృష్టాంతమున బింబప్రతిబింబభావమును జెప్పిరి. అందు వాక్యములు రెండు, ధర్మములును భిన్నములు. సాదృశ్యముచేతనే యొకటి వేఱొకదానికిఁ బ్రతిబింబమగును. కావునఁ బ్రతిబింబము నకలు గాదు. తొలినాళ్ల ప్రకృతిదృశ్య ఛాయాచిత్రములను విమర్శించువారు దీనిని మఱవరాదు. యంత్రము ఉన్నదానినే చూపునుగాన నందుఁ గవిత్వమునకుఁ దావులేదను నాక్షేపము ఈ కళకుఁ బుట్టుకతోనే వచ్చినది. నీటినీడను జూపు చిత్రమో, నకలునకు నకలనిపించుకొనును.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో, గాజుపలకకుఁ గొలోడియను పూసి, వెండిలవణద్రావణమున ముంచి, తడి యాఱకమునుపే చిత్రమును గ్రహించి కడుగవలెను. పలకకు వెలుతురు సోఁకవలసిన కాలము ఆరుబయట సెకనులకొలఁది యుండెడిది. అంతలోఁ బాఱునీరు పొగమంచువలెఁ జెదరును. కదలనినీరే నీడను నిలుపును. పలక నీలికాంతికి మిక్కిలి వశమగుటచే నాకాశము మబ్బులేక తెల్లఁబాఱును. కావున నాఁటి చిత్రములందలి నిశ్చలతయెల్లఁ బ్రశాంతచిత్తమునకు సంకేతమని వ్యాఖ్యానించుట తొందరపాటు. అందుఁ గొంత పలక విధించిన నియమము. అయినను యతిప్రాసలు కవినిఁ గట్టివేసియుఁ గవితను జంపనట్లే, ఈ నియమమును భావమును జంపలేదు.

ఇందుకు నిదర్శనము 1860వ దశకమున అమెరికాలోని యోసెమిటీ లోయయందు మిర్రర్ లేక్ అను సరస్సును గార్లటన్ వాట్కిన్స్ గ్రహించిన తీరు. కొండ మీఁద నొకటి, నీట నొకటి. కెమెరా వెనుకనుండు గఱుకుగాజుపై దృశ్యము తలక్రిందుగాఁ బడును. నల్లగుడ్డ కప్పుకొని చూచువానికిఁ గొండయే వ్రేలాడును. నీడ నిటారుగ నిలుచును! సత్యమేది, ఛాయ యేది యను ప్రశ్న యిట్లు పనిముట్టులోనే పుట్టినది. విమర్శకుఁడు తెచ్చిపెట్టినది కాదు.

తెలుఁగునేలపైఁ, జిత్రకళాభిమానులకు సుపరిచితుఁడు రాజా దీన్ దయాళ్ (1844–1905). ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున ఛాయాగ్రాహకుఁడై యుండిన యీతని గాజుఫలకములు పెక్కులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. అట్టి విలోమఫలకమున వెలుఁగు చీఁకటియగును, చీఁకటి వెలుఁగగును. కటకము స్థితిని దలక్రిందుచేయ, ఫలకము కాంతిని దాఱుమాఱుచేయును. ఈ రెండు వైపరీత్యములను దాఁటి వచ్చిన దానినే లోకము యథార్థమనుచున్నది.

సభాపర్వమున మయసభఁ జొచ్చిన దుర్యోధనుఁడు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమించెను. దోషము మణులది గాదు, చూపుది. నెల్లూరుసీమలో అనంతసాగరమువంటి చెఱువులగట్లపై నడచు విద్యార్థికి నీటఁదోఁచు చెట్టునీడ నిత్యానుభవము. దృష్టాంతాలంకారమును బోధించు పండితులు, లక్షణశ్లోకముతోఁ బాటు అట్టి నీటినీడను, దానిఁ బట్టిన యొక పాతచిత్రమును జూపినచో, సామ్యమెక్కడ, భేదమెక్కడ యనునది బాలురకుఁ గన్నులార బోధపడును.